కడగకుండా వదిలిన అంచు: 18వ శతాబ్దపు బ్రిటిష్ ఎచింగ్ మీద ఒక కేస్ స్టడీ

ఇంగ్లండులో కాగితం మీది చిత్రాల మరమ్మతు నా పని. ఈ కేసులో యజమానురాలు ఎవరో, ఊరేదో, బొమ్మ మీద, వెనక రాసి ఉన్న మాటలూ పేర్లూ ఏవో చెప్పను. కన్సర్వేషన్ చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కొందరు, శుభ్రం చేయడం ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు. సూత్రాలు వల్లించడం కన్నా ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా చెప్పడమే మేలనిపించి ఇది రాస్తున్నాను.

బొమ్మ, దాని వెనకటి కాలం

అరచేతి కన్నా కాస్త పెద్ద రాగి రేకు మీద చేసిన ఎచింగ్ ఇది. అంటే రేకు మీది మైనపు పూతను సూదితో గీసి, ఆ గీతల్ని యాసిడ్‌తో కొరికించి, వాటిలో సిరా నింపి కాగితం మీదికి అచ్చు తీసిన బొమ్మ. ఏటి ఒడ్డున ఒక చెట్టు, దాని కింద ఐదుగురు మగవాళ్లు. ఒకాయన మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని బొమ్మ గీస్తున్నాడు. ఇంకొకాయన వెనక నుంచి తొంగి చూస్తున్నాడు. మూడో ఆయన గడ్డిలో బోర్లా పడుకుని తన పాటికి తాను గీసుకుంటున్నాడు. నాలుగో ఆయన రొట్టె కోస్తున్నాడు. ఐదో ఆయన మనవైపు వీపు పెట్టి నిలబడి అవతలి గట్టు చూస్తున్నాడు. మూడు మూలల టోపీ ఒకటి కొమ్మకు వేలాడుతోంది. బొమ్మ కింద చిత్రకారుడి పేరు లేదు, తేదీ లేదు, అమ్మినవాడి చిరునామా లేదు.

ఏ అక్షరమూ అచ్చుకాకపోవడం కూడా ఒక ఆధారమే. చిత్రకారుడు విలియం హోగార్త్, ఆయన తోటివాళ్లు పట్టుబట్టి సాధించిన 1735 చట్టం ప్రకారం అచ్చుబొమ్మను ఇతరులు నకలు చేయకుండా రక్షణ కావాలంటే హక్కుదారు పేరు, ప్రచురించిన తేదీ రాగి పలక మీదే చెక్కాలి. అందుకే ఆ తర్వాత బజారులోకి వచ్చిన బొమ్మల కింద సాధారణంగా ఆ వరస కనిపిస్తుంది. అది లేదంటే ఆ ప్రతి అక్షరాలు చెక్కకముందు పరీక్షకు తీసిన ప్రతి (ప్రూఫ్) కావచ్చు. లేదా అమ్మే ఉద్దేశమే లేకుండా, నలుగురు స్నేహితులు పంచుకోవడానికి తీసినది కావచ్చు.

ఆరుబయట తిరుగుతూ బొమ్మలు గీసుకునే చిత్రకారుల మిత్రబృందాలు ఆ శతాబ్దపు ఇంగ్లండులో కొత్తేమీ కాదు. 1732 మే నెలలో హోగార్త్ నలుగురు స్నేహితులతో కలిసి థేమ్స్ మీదుగా కెంట్ ప్రాంతానికి ఐదు రోజుల విహారం వెళ్లాడు. రోచెస్టర్, చాథమ్, షెప్పీ దీవి చుట్టి వచ్చి, ఆ ముచ్చట్లన్నీ బొమ్మలతో సహా పుస్తకంగా రాసుకున్నారు. హోగార్త్ పోయాక, 1782లో, రిచర్డ్ లివ్‌సే దాన్ని అచ్చువేశాడు. దాదాపు ఆ రోజుల్లోనే, 1780 ప్రాంతంలో, రోచెస్టర్, చాథమ్‌ల పక్కగా పారే మెడ్‌వే నది మీద చిత్రకారుడు థామస్ స్టోథార్డ్, కవి, చిత్రకారుడు విలియం బ్లేక్, ఇంకో మిత్రుడు పడవలో బొమ్మలు గీస్తూ వెళ్తుంటే సైనికులు వచ్చి పట్టుకున్నారు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్న కాలం, పక్కనే చాథమ్ నౌకా నిర్మాణ కేంద్రం. కాగితం మీద ఒడ్డు గీతలు గీస్తున్న కుర్రాళ్లు గూఢచారుల్లా కనిపించడంలో వింతేముంది? పడవలో ఉన్న తిండి సామాను ఒడ్డుకు చేర్చి, తెడ్లు నిలబెట్టి, వాటి మీద తెరచాప కప్పి గుడారం వేసి, కాపలా పెట్టారట. వీళ్లు రాజుగారి శాంతస్వభావులైన ప్రజలేనని లండన్‌లోని కళాకారుల సంస్థ రాయల్ అకాడమీ సభ్యుల నుంచి కబురు వచ్చేదాకా వదల్లేదు. ఆ తీరికలో స్టోథార్డ్ కలంతో ఒక స్కెచ్ వేశాడు, దాని ఆధారంగా ఎచింగ్ తయారైంది. ఇదంతా స్టోథార్డ్ కోడలు ఆనా ఎలైజా బ్రే 1851లో అచ్చువేసిన జీవిత చరిత్రలో ఉంది. ఆ రాగి రేకు మీద పనిచేసిన చెయ్యి స్టోథార్డ్‌దా, బ్లేక్‌దా అన్న దానిపై నిపుణులు వేర్వేరుగా చెప్పారు.

ఈ కథంతా ఎందుకంటే, నా దగ్గరికి బొమ్మ తెచ్చిన పెద్దావిడ ఇంట్లో రెండు తరాలుగా దాన్ని "బ్లేక్ బొమ్మ" అనే పిలుస్తున్నారు.

వచ్చిన సమస్య

ఆవిడ అడిగినవి మూడు: తెల్లగా చేయండి, మచ్చలు పోగొట్టండి, బ్లేక్ అని కాగితం మీద రాసివ్వండి. అంతకుముందు చూపించిన ఒక ఫ్రేముల దుకాణంలో, బ్లీచ్ చేస్తే ఒక పూటలో మెరిసిపోతుందని చెప్పారట.

బొమ్మ స్థితి మంచిదేమీ కాదు. ఎప్పుడో ఎవరో దాన్ని చెక్కగుజ్జు అట్టకు నిండా జిగురు పూసి అతికించారు. అలాంటి అట్టలో ఆమ్లం పుడుతుంది, దాన్ని అంటుకున్న కాగితమూ గోధుమరంగులోకి తిరుగుతుంది. పాత మౌంటు (బొమ్మ కనిపించేలా మధ్యలో కిటికీలా కోసి, చుట్టూ పెట్టే అట్ట) కిటికీ అంచు వెంబడి నలుచదరంగా కాలినట్టు ఒక పట్టీ ఉంది. ఆకాశం నిండా చిన్న చుక్కలు. కింది అంచున గోధుమరంగు సిరాతో నాలుగు మాటలు, సగం వెలిసిపోయి ఉన్నాయి. దుకాణంవాళ్లు వాటిని కూడా మరకల కింద జమ కట్టారు.

మొదటి నిర్ణయం ఏమీ చేయకుండా చూడటం. పక్క నుంచి దీపం వేస్తే పలక ఒత్తిడికి కాగితంలో పడిన గాడి నాలుగు వైపులా స్పష్టంగా కనిపించింది. గీతల్లో సిరా కాగితం పైకి ఉబ్బి ఉంది. సూక్ష్మదర్శినిలో ఆ గీతల కొసలు మొద్దుగా ఉన్నాయి. ఉలితో చెక్కిన గీత కొస సన్నబడి ముల్లులా ముగుస్తుంది. మైనపు పూత మీద సూదితో గీసి యాసిడ్‌లో ముంచిన గీత అలా సన్నబడదు. ఫొటో పద్ధతిలో తీసిన నకలులో ఉండే గింజ జాడ ఎక్కడా లేదు. కాబట్టి ఇది రాగి రేకు నుంచి నేరుగా తీసిన ఎచింగ్.

ఆకాశంలో చుక్కల దగ్గర చాలాసేపు ఆగాను. అవి రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని కాగితం లోపలి నుంచి పుట్టినట్టు అంచులు మసకబారిన ఎర్రమచ్చలు. ఫాక్సింగ్ అంటాం వీటిని, తేమ, బూజు, లోహపు రేణువుల వల్ల వస్తాయి. రెండో రకం నల్లగా, పదునుగా, కాగితం మీద కాస్త ఉబ్బి ఉన్నాయి. పక్కదీపంలో వాటికి నీడ కూడా పడుతోంది. ఇవి మురికి కాదు. రాగి మీది మైనపు పూత ఎక్కడెక్కడ పలచగా ఉందో అక్కడ యాసిడ్ చొరబడి రేకును కొరికేసిన గుంటలు, ఆ గుంటల్లో నిలిచి కాగితానికెక్కిన సిరా. ఆ మనిషి తొందరగా పూత పూశాడనో, చెయ్యి తిరగలేదనో చెప్పే సాక్ష్యాలవి. శుభ్రం చేసేటప్పుడు ఒక రకం చుక్క పలచబడాలి, రెండో రకం చుక్క చెక్కుచెదరకూడదు. అందుకని పెద్ద ఫొటో తీసి, నల్లచుక్కలన్నిటినీ దాని మీద గుర్తించి పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. బొమ్మలో గీస్తున్న ఇద్దరూ ఎడమచేత్తో గీస్తున్నారు. రొట్టె కోసే ఆయన కత్తి పట్టింది కూడా ఎడమచేత్తోనే. కోటు బొత్తాలూ తిరగబడి ఉన్నాయి. రాగి మీద గీసింది కాగితం మీద అద్దంలోలా తిరగబడుతుంది. అమ్మకానికి చేసే నిపుణుడు ముందే బొమ్మను తిప్పి గీసుకుంటాడు. ఇక్కడ ఆ ప్రయత్నమే లేదు. ఎదురుగా చూసింది చూసినట్టే రేకుకెక్కించారు. బ్లేక్, రాగి మీద బొమ్మలు చెక్కే జేమ్స్ బసైర్ దగ్గర ఏడేళ్లు శిష్యరికం చేసినవాడు, తిప్పి గీయడం ఆయనకు లెక్కలోది కాదు. అయితే స్నేహితుల కోసం సరదాగా చేసిన పనికి ఏ నిపుణుడైనా అంత శ్రమ పడాలనేమీ లేదు. కాబట్టి ఇది బ్లేక్‌కు వ్యతిరేకంగా రుజువు కాదు. అనుకూలంగా మాత్రం ఒక్క ఆధారమూ లేదు. స్టోథార్డ్ బృందం కథలో కనిపించే తెరచాప గుడారం, తెడ్లు, కాపలా ఏవీ ఈ బొమ్మలో లేవు. ఇది ఆ ఎచింగ్ కాదని ఆవిడకు పని మొదలుపెట్టకముందే చెప్పాను. పని అయ్యాక చెబితే నమ్మకం పోతుంది, ముందు చెబితే డబ్బు ఖర్చు పెట్టాలో వద్దో ఆవిడే తేల్చుకుంటారు. ఆవిడ ఒక వారం ఆలోచించి, సరే చేయండి అన్నారు.

ప్రయత్నాలు, ఫలించనివి

18వ శతాబ్దపు నార గుడ్డల కాగితం గట్టిది. నూనె సిరా నీటికి కరగదు. అందువల్ల ఇలాంటి అచ్చుబొమ్మను కొద్దిగా క్షారం కలిపిన నీటి తొట్టిలో ముంచి కడగడం మామూలు పద్ధతి. ఆమ్లం దిగిపోతుంది, జిగురు ఉబ్బి అట్ట వదులుతుంది, కాగితం చాలావరకు తేటపడుతుంది. నా మొదటి ఆలోచనా అదే.

అడ్డుపడింది కింది అంచున ఉన్న ఆ నాలుగు మాటలు. ఆ సిరా ఏమిటో తేలకుండా నీళ్ల దగ్గరికి వెళ్లడానికి వీల్లేదు. అతినీల కిరణాల దీపం కింద ఆ అక్షరాలు చిక్కటి నలుపుకు తిరిగాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో దాదాపు మాయమయ్యాయి. మాచికాయల కషాయంలో అన్నభేది కలిపి చేసే ఇనుప సిరా లక్షణమిది. మన దగ్గర కరక్కాయతో చేసుకున్న రాతసిరాకు ఇది దగ్గరి చుట్టమే. బాథోఫెనాంత్రోలిన్ పూసిన పరీక్ష కాగితాన్ని చెమ్మ చేసి ఒక అక్షరం తోకకు క్షణంపాటు తాకించాను. గులాబీరంగు వచ్చింది. అంటే నీటిలో కదిలే ఇనుము ఇంకా ఉంది. దాన్ని తొట్టిలో ముంచితే ఆ ఇనుము చుట్టూ పాకుతుంది, పాకినచోటల్లా కాగితాన్ని తినడం మొదలుపెడుతుంది. కాల్షియం ఫైటేట్ ద్రావణంలో ఇనుమును కట్టడి చేసే పద్ధతి ఉంది గానీ, అదీ నిండా ముంచి చేసే పనే. వెనక జిగురు, అట్ట ఉండగా అంత తడి పెట్టడం నాకు సమ్మతం కాలేదు. తొట్టి ఆలోచన అక్కడితో ఆగింది.

బ్లీచ్ సంగతి ఆవిడకు వివరంగానే చెప్పాల్సి వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో క్లోరమీన్-టి లాంటివి విరివిగా వాడారు. వాటి శేషం కాగితంలో మిగిలి, ఏళ్ల తర్వాత కాగితాన్ని బలహీనపరిచి మళ్లీ పచ్చబరిచిన ఉదాహరణలు మా వృత్తిలో అందరికీ తెలుసు. ఇక్కడ దానికి మించిన ప్రమాదం, బ్లీచ్‌కు మరకా రాతా తేడా తెలియదు. ఎర్రమచ్చలతోపాటు ఆ నాలుగు మాటలూ కొట్టుకుపోతాయి.

ముందుగా అట్ట తీయాలి. బొమ్మను మెత్తటి కాగితం మీద బోర్లించి, అట్టను పొరలు పొరలుగా పొడిగానే చీలుస్తూ వచ్చాం. ఇది విసుగు పుట్టించే పని, తొందరపడితే కత్తి నేరుగా బొమ్మలోకి దిగుతుంది. చివరి పలచటి పొర, దాని కింద జిగురు మిగిలాయి. అయొడిన్ చుక్కకు జిగురు నీలం తిరగలేదు. కాబట్టి పిండి జిగురు కాదు, పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసే రకం. గోరువెచ్చని తడికి అది మెత్తబడుతుంది.

పై ఖాళీ మూలలో, నీటిని పట్టి ఉంచే మిథైల్ సెల్యులోజ్ ముద్ద పరచి చూశాం. జిగురు మెత్తబడింది గానీ తడి ముద్ద అంచు దాటి పాకింది. ఆ పాకిన తడి పాత ఆమ్లపు మురికిని తోసుకుపోయి, బొమ్మ ముందువైపు సన్నటి గోధుమ చారగా తేల్చింది. ఖాళీ మూల కాబట్టి సరిపోయింది. అదే చార రాత దగ్గర పడితే తిరిగి తీయడానికి దారి ఉండదు. ముద్ద పద్ధతిని వదిలేశాం.

వెనకవైపు కనిపించింది

ఇక్కడ ఒక పని చేయడం వల్లే కేసు మలుపు తిరిగింది. తడి పద్ధతి మార్చేముందు, మిగిలిన పలచటి పొర మీదుగా వెనకవైపు కూడా ఇన్‌ఫ్రారెడ్ ఫొటో తీశాం. పెన్సిల్‌లోని గ్రాఫైట్ ఆ కిరణాలను మింగేస్తుంది, పలచటి కాగితం, జిగురు వాటిని చాలావరకు దాటనిస్తాయి. తెర మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, వాటి పక్కన పేర్లలాంటి రాతలు కనిపించాయి. అంటే ఎవరో బొమ్మ వెనక, ఇందులో ఉన్నవాళ్లెవరో వరసగా రాసిపెట్టారు. తర్వాతి తరంవాళ్లు దాన్ని చూడకుండానే అట్టకు అతికించేశారు.

పెన్సిల్ రాత నీటికి కరగదు, కానీ రాపిడికి ఇట్టే పోతుంది. మెత్తబడిన జిగురును స్పాచులాతో గీకడం రోజూ చేసే పనే అయినా ఇక్కడ దానికి చోటు లేదు. కాబట్టి కావలసిన పద్ధతికి రెండు షరతులు వచ్చాయి: తడి పక్కకు పాకకూడదు, పొర గీకకుండా లేవాలి.

పనిచేసిన పద్ధతి

ఈ రెండింటికీ సరిపోయింది గెల్లాన్ గమ్ జెల్. కాస్త కాల్షియం అసిటేట్ కలిపిన నీటిలో మూడు శాతం గెల్లాన్ వేసి మరిగించి, పళ్లెంలో పోసి గడ్డకట్టిస్తే గట్టి పలకలా వస్తుంది. కత్తితో కావలసిన ఆకారంలో కోసుకోవచ్చు. ఇది నీటిని కొంచెం కొంచెంగా వదులుతుంది, అదే సమయంలో కరిగిన మురికిని తనలోకి లాక్కుంటుంది. కింది అంచున రాత ఉన్న పట్టీకి బాగా పైనే జెల్ ఆగిపోయేలా కోశాం. జెల్ ముగిసేచోట ఆల్కహాల్ కలిపిన నీటిని కుంచెతో అద్ది తడి అంచును పలచన చేశాం, అక్కడ చార కట్టకుండా.

గోరువెచ్చగా పెట్టిన జెల్ కింద జిగురు ఉబ్బాక, మిగిలిన పొర ఉల్లిపొరలా ఒక మూల నుంచి లేచింది. గీకాల్సిన పని రాలేదు. జెల్ ముక్కలు మార్చిన కొద్దీ అవి టీ రంగుకు తిరిగాయి. అంత ఆమ్లపు మురికి కాగితంలో నుంచి దిగిందన్నమాట. పై మూలలో ముద్ద తెచ్చిన చార కూడా బాగా పలచబడింది. రాత ఉన్న కింది పట్టీ వెనక మాత్రం తడి తగలనివ్వలేదు. అక్కడ అట్ట పొరను పొడిగా ఎంతవరకు పలచన చేయగలమో అంతవరకు చేసి, ఒక సన్నటి పొరను అలాగే వదిలేశాం. చూడటానికి అందంగా ఉండదు. ఇన్‌ఫ్రారెడ్‌లో ఆ పట్టీ వెనక పెన్సిల్ రాత ఏదీ కనిపించలేదు కాబట్టి దాచిపెట్టినదేమీ లేదు.

లేపిన పొరను పారేయలేదు. దాని జిగురు వైపు పెన్సిల్ పొడి కొంత అంటుకుని వచ్చింది, అక్షరాలు తిరగబడి ఉన్నాయి. బొమ్మ వెనక నాలుగో పేరు సగమే మిగిలింది. మిగతా సగం ఈ పొర మీద ఉంది. చిన్న అద్దం పక్కన పెట్టి చూస్తే రెండు సగాలూ కలిశాయి. ఐదో అంకె పక్కన పేరు లేదు, "నేను" అని అర్థమిచ్చే మాట ఒక్కటే ఉంది. బొమ్మను ముందు నుంచి చూస్తూ ఎడమ నుంచి కుడికి లెక్కపెడితే ఐదో మనిషి మనకు వీపు పెట్టి నిలబడ్డ ఆయన. తన ముఖం తాను చూసి గీయలేడు కనక వెనక నుంచి ఊహించి నిలబెట్టుకున్నాడని నా అభిప్రాయం. అంతకు మించి చెప్పడానికి ఆధారం లేదు. ఆ పేర్లలో బ్లేక్ లేడు, స్టోథార్డ్ లేడు. చరిత్ర పుస్తకాల్లో కనిపించే పేరు ఒక్కటీ లేదు.

అట్ట పోయాక కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడటం కుదిరింది. దగ్గర దగ్గర సన్నటి చారలు, వాటికి అడ్డంగా దూరం దూరంగా గొలుసు గీతలు. లెయిడ్ కాగితం. ఒక మూల నీటిగుర్తు ముక్క ఉంది, డాలు ఆకారం అడుగుభాగం మాత్రమే, తయారుదారును చెప్పడానికి చాలదు. మెడ్‌వే నది మీది మెయిడ్‌స్టన్ పట్టణం దగ్గర జేమ్స్ వాట్‌మన్ చారలు కనిపించని నున్నటి వోవ్ కాగితం తయారుచేశాడు, ముద్రాపకుడు జాన్ బాస్కర్‌విల్ 1757లో అచ్చువేసిన వర్జిల్ కావ్యాల్లో అది వాడారు. అయినా లెయిడ్ కాగితం ఆ తర్వాతా తయారవుతూనే ఉంది. కాబట్టి దీన్ని బట్టి ఒక సంవత్సరం చెప్పలేం. దుస్తులు, కాగితం, గీత తీరు కలిపి చూసి "18వ శతాబ్దపు రెండో సగం" అని రాశాను. ఆవిడ ఇంకా కచ్చితంగా చెప్పమన్నారు. చెప్పలేనన్నాను.

చదును చేసేటప్పుడు గట్టి ప్రెస్ వాడలేదు. బరువు ఎక్కువైతే పలక గాడి, ఉబ్బిన సిరా రెండూ అణిగిపోతాయి, ఎచింగ్ చూడటానికి ఫొటోకాపీలా తయారవుతుంది. మందపాటి ఉన్ని ఫెల్టుల మధ్య తేలికపాటి బరువుతో నెమ్మదిగా ఆరబెట్టాం. చిరుగులకు వెనక జపాన్ కాగితం, గోధుమ పిండి జిగురు.

తేలినవి

ఎర్రమచ్చలు పూర్తిగా పోలేదు. పలచబడ్డాయి, అంతే. మౌంటు కాల్చిన పట్టీ కూడా దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. ఇంకా తెల్లగా కావాలంటే నీళ్లు ఆ రాత మీదుగా పోవాల్సిందే. అక్కడ ఆగుదామని నేను చెప్పిన కారణాలు ఆవిడ పేర్లు చదివాకే ఒప్పుకున్నారు. నాలుగో పేరు ఇంటిపేరు వాళ్ల అమ్మమ్మ పుట్టింటిదట. బ్లేక్ అన్న మాట ఆ తర్వాత ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

ఈ కేసు తర్వాత మా స్టూడియోలో పని వరస కొంత మారింది. అక్షరాలు అచ్చుకాని బొమ్మ ఏది వచ్చినా, అది ఎవరిదో చెప్పే ఆధారం చేతిరాతలోనో వెనకవైపో ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, అతినీల, ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలు అట్ట తీయకముందు ఒకసారి, అట్ట పలచబడ్డాక ఒకసారి తీస్తున్నాం. వెనక నుంచి లేచిన పొరల్ని కేసు ముగిసేదాకా పారేయడం లేదు. "మచ్చలు" అని యజమాని చూపించినవాటిని ముందు పక్కదీపంలో చూసి, పలక మీద పుట్టినవీ కాగితంలో పుట్టినవీ విడిగా నమోదు చేస్తున్నాం. ఎవరి చేతిదో తేల్చమని అడిగితే, మరమ్మతు ఖర్చు మాట్లాడకముందే తెలిసినంత చెప్పేస్తున్నాం.

బొమ్మను ఇప్పుడు రెండువైపులా కిటికీ ఉన్న మౌంటులో పెట్టాం, వెనక పేర్లు కూడా చదువుకోవచ్చు. లేపిన పొర పాలిస్టర్ తొడుగులో అదే పెట్టెలో ఉంది. గోడ మీద పెట్టాలనుకుంటే అతినీల కిరణాలను ఆపే అద్దం, 50 లక్స్‌కు మించని వెలుతురు, ఏడాదిలో కొన్ని నెలలే అని రాసిచ్చాను. తేమ పెరిగితే ఆ ఇనుప సిరా మళ్లీ కదులుతుంది కాబట్టి వంటగదికీ స్నానాలగదికీ ఆనుకున్న గోడ వద్దన్నాను. తర్వాత ఒకసారి తనిఖీకి తెచ్చినప్పుడు అక్షరం చుట్టూ కొత్త పసుపు వలయం ఏదీ లేదు. ఆకాశంలో ఒక ఎర్రమచ్చ మాత్రం కాస్త ముదిరింది. దాన్ని ఫొటో తీసి ఫైల్లో పెట్టాం, ఇంకేమీ చేయలేదు.